మధ్య పేజీలో హాదీ జాగా

1978 అక్టోబర్ 9, చికాగో

ఉద్యోగం వచ్చింది. నాకేం కావాలని లేదు. ఆయనే పేపర్లో యాడ్ చూసి, చింపి, నా పర్సులో పెట్టారు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందట. బయటికి వెళ్తే ఎక్కదా అని అడగలేదు. అడిగే ఓపిక లేదు.

63వ వీధిలో బేకరీ పైన రెండు గదులు. మెట్లెక్కుతుంటే రొట్టె కాలుతున్న వాసన. పాలస్తీనా వాళ్ళ పత్రిక. పేరు తాబూన్. వాళ్ళ పల్లెల్లో రొట్టెలు కాల్చే మట్టిపొయ్యిని అలా అంటారట. ఎడిటర్ పేరు సమీరా. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. సిగరెట్ మీద సిగరెట్. ఏం పని వచ్చు అంది. మా నాన్న గుంటూరులో మిషన్ ప్రెస్ కంపోజిటర్, సీసం అక్షరాలతో ఆడుకుని పెరిగాను అన్నాను. అరబిక్ వచ్చా అంది. రాదు. మరి పేజీలెలా అంటిస్తావమ్మా అంది. మా నాన్నకి ఇంగ్లీషే సరిగ్గా రాదు, పాస్టర్ల కోసం గ్రీకు కూడా కంపోజ్ చేసేవాడు అన్నాను. నవ్వింది. రేపట్నుంచి రమ్మంది.

పిల్లలున్నారా అని కూడా అడిగింది. లేరు అన్నాను.

1978 నవంబర్ 2

పని కష్టమేం కాదు. టైప్‌సెట్టింగ్ షాపు నుంచి అక్షరాలు పొడుగాటి కాగితం పట్టీల మీద వస్తాయి. వెనక వేడి మైనం రాసి, లైట్ టేబుల్ అనే, కింద లైటు వెలిగే అద్దం బల్ల మీద అట్టకి అంటించాలి. అట్ట మీద ముందుగా లేత నీలం పెన్సిల్‌తో గీతలు గీసుకోవాలి. ప్రెస్సులో పేజీని ఫోటో తీస్తారు, ఆ నీలం ఆ కెమెరా కంటికి ఆనదు. మన కళ్ళకి కనిపిస్తుంది, ప్రింట్‌లో రాదు. మా నాన్న చూస్తే నోరు తెరిచేవాడు.

పత్రికకి రెండు మొదళ్ళు. ఇటునుంచి ఇంగ్లీషు, అటునుంచి అరబిక్. రెండూ వచ్చి మధ్యలో కలుస్తాయి. అంటే చివరి పేజీ మధ్యలో ఉంటుంది. ఆ మధ్య పేజీలు సమీరా తమ్ముడివి. పేరు హాదీ. బేరూత్‌లో ఏదో పేపర్‌లో ప్రూఫ్‌రీడర్. నెలకో జాబు రాసి పంపుతాడు. ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో అరబిక్. మిగతా పత్రికంతా క్యాంప్ డేవిడ్ ఒప్పందం, తీర్మానాలు, స్టేట్‌మెంట్లు. ఇతనేమో పక్కింటివాడి కోడిపుంజు గురించి, కరెంటు పోయినప్పుడు లిఫ్టులో ఇరుక్కున్న పెళ్ళికూతురి గురించి రాస్తాడు. జనం ముందు అదే చదువుతారట.

కింద బేకరీ ఓనరే మాకు ట్రెజరర్. అబూ సలీం అంటారు. అంటే సలీం తండ్రి అని. పెద్ద కొడుకు పేరు మీదే, కొడుకు లేకపోతే కూతురి పేరు మీద, తల్లినీ తండ్రినీ పిలవడం వీళ్ళ ఆచారం. ఆయన భార్య ఉమ్ సలీం, సలీం తల్లి. ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ తెలీదు. సలీం ఏం చేస్తాడు అని అడిగాను, ఏదో మాట కలపాలని. ఎనిమిదేళ్ళ కిందటే చనిపోయాడట. కొడుకు పోయినా పేరు పోదట.

నేను అట్ట మీదికి వంగి పని చూసుకున్నాను.

1979 జనవరి 15

మంచు కిటికీల దాకా వచ్చింది. కారు ఎక్కడుందో కూడా తెలీదు. ఆఫీసు లేదు.

మొన్న హాదీ కవరు వచ్చింది. జాబు మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ఏదో గీకాడు. సమీరా చదివి పగలబడి నవ్వింది, తర్వాత నాకు చెప్పింది. నా కాలమ్ అంటించే మనిషి గోడకి ఆనుకుని నిద్రపోతూ అంటిస్తోందా, చూసినవాళ్ళు నేను తాగి రాశాననుకుంటున్నారు అని రాశాడట. నాకు ఒళ్ళు మండింది. పోయిన నెల సంచిక తీసి స్కేలు పెట్టి చూశాను. వెంట్రుకవాసి వంకరే. ఇంకా మండింది.

1979 ఫిబ్రవరి 20

ఈసారి మార్జిన్‌లో: ఆ వంకర చెయ్యి మేడంకి చెప్పండి, పర్వాలేదు, బాగుపడే లక్షణాలు కనిపిస్తున్నాయి.

సంతోషం వేసింది. మణి పోయాక ఈ మాట రాయడం ఇదే మొదటిసారి. కొట్టేద్దామనుకున్నాను. ఉంచాను.

మణి పోయి రెండేళ్ళు. బ్లడ్ కేన్సర్. ఆరేళ్ళు దానికి. ఇంతకంటే రాయలేను.

1979 ఏప్రిల్ 24

ఇవాళ పెద్ద పొరపాటు చేశాను.

హాదీ కవరు రెండు వారాలు లేటు. దక్షిణ లెబనాన్‌లో బాంబులని రేడియోలో చెప్తున్నారు. సమీరా ఫోన్ దగ్గర్నుంచి కదలడం లేదు. పోనీలే పాపం అని నేనే స్టవ్ మీద కాఫీ కాచి ఇచ్చాను. మా ఆయనకి షుగర్, మా ఇంట్లో చక్కెర వేసే అలవాటే పోయింది. ఆ అలవాటులోనే చక్కెర లేకుండా కలిపేశాను. ఒక్క గుక్క తాగింది. నా మొహంలోకి చూసింది. లేచి కప్పు సింకులో వంచేసి, కడిగి, బోర్లించింది.  ఇదేం మనిషిరా దేవుడా అనుకున్నాను. చేసి పెట్టినందుకు నాకు ఇది దక్కింది.

అబూ సలీం నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు. అమ్మాయ్, మా వాళ్ళలో చక్కెర లేని కాఫీ చావింట్లోనే ఇస్తారు, పరామర్శకి వచ్చినవాళ్ళకి, ఇంకెప్పుడూ ఆమెకి అలా ఇవ్వకు అన్నాడు. ఆయనకి కోపం లేదు.  లోపలికి వెళ్ళి మళ్ళీ కాచి, మూడు చెంచాల చక్కెర వేసి తెచ్చాను. తాగింది.

సాయంత్రం కవరు వచ్చింది. కోడిపుంజు మీద రెండో భాగం.

1979 ఏప్రిల్ 25

రాత్రంతా ఆ కాఫీయే కళ్ళముందు. మా క్రైస్తవుల్లో మనిషి పోతే ఆదరణ కూటం పెట్టినట్టు వాళ్ళకి అది. మణి పోయినప్పుడు ఆయన కూటం పెడదామన్నారు. ఇప్పటికీ ఏడాదికోసారి అడుగుతారు. నేను పెట్టనివ్వలేదు. నాలుగు పాటలు పాడతారు, పాస్టరు గారు వాక్యం చెప్తారు, బిర్యానీ తింటారు, చేతులు కడుక్కుని ఎవరి కార్లలో వాళ్ళు పోతారు. అంతటితో పిల్ల పోయినట్టు లెక్క. ఆ లెక్క ఎవరికి కావాలో తెలీదు, నాకు మాత్రం అక్కర్లేదు. దాని గది తలుపు వేసే ఉంది. అలా ఉండనీ.

1980 జూన్ 8, ఆదివారం

మా తెలుగు ఫెలోషిప్ వాళ్ళు సమీరాని మాట్లాడమని పిలిచారు. పరిశుద్ధ దేశపు మనిషి అని ఆదివారం బులెటిన్‌లో వేశారు. చర్చి బేస్‌మెంట్‌లో కుర్చీలు చాలలేదు. వాళ్ళ ఊరు గలిలయలో, కానా పక్కన అని చెప్పగానే ఆంటీలందరూ ఒక్కసారిగా ఆఁ అన్నారు. కానా పెళ్ళి విందు, నీళ్ళు ద్రాక్షారసం కావడం, సండే స్కూల్ పిల్లలకి కూడా తెలుసు. ఊరు ఇప్పుడు లేదు, నలభై ఎనిమిదిలో మమ్మల్ని వెళ్ళగొట్టి పడగొట్టేశారు అంది. అది ఎవరి బుర్రకీ ఎక్కలేదు. కానా దగ్గరే ఆగిపోయారు.

ప్రశ్నల టైములో దైవాశీర్వాదం అంకుల్ లేచారు. ఆయన రిటైర్డ్ హెడ్‌మాస్టరు, కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నారు. అమ్మా, మాది లూథరన్ మిషన్, మా తాతగారి కాలంలో అమెరికా దొరలొచ్చి రక్షణ మార్గం చూపించారు, మరి మీ ఊరికి ఏ మిషన్ వాళ్ళు వచ్చారు, ఏ సంవత్సరంలో అని అడిగారు. అందరూ తల ఊపారు. సరైన ప్రశ్నే అన్నట్టు.  మా ఊరికి ఎవరూ రాలేదండీ, మా ఊరినుంచే వెళ్ళారు అంది సమీరా.  అంకుల్ మెల్లిగా కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఎంతసేపు తుడిచారో.

నవ్వాపుకోలేక బాత్రూమ్‌లోకి పోయాను.

1980 జూన్ 9

నిన్నటిది ఇంకా ఉంది. చర్చి నుంచి సమీరాని భోజనానికి ఇంటికి తెచ్చాం. చేపల పులుసు ఇష్టంగా తింది. చేతులు కడుక్కోవడానికి వెళ్తూ మణి గది తలుపు తీసింది, బాత్రూమ్ అనుకుని. చిన్న మంచం, గౌన్లు, గోడకి ఫోటో. మా ఆయన చెప్పేశారు. ఆయన నోట్లో ఏదీ ఆగదు. పేరు, వయసు, జబ్బు, ఆస్పత్రి, అన్నీ.

నేను వంటింట్లో నిలబడ్డాను. ఇప్పుడు వచ్చి పట్టుకుని ఏడుస్తుంది, లేరని అబద్ధం చెప్పావేం అంటుంది అనుకున్నాను. సమీరా తలుపు వేసి వచ్చింది. పులుసులో ఏం వేశావు అని అడిగింది. చింతపండు అన్నాను. ఇవాళ ఆఫీసులోనూ ఏం అనలేదు. దేవుడు ఆ మనిషిని చల్లగా చూడాలి.

1981 జూలై 18

బేరూత్ మీద బాంబులు. ఫోన్ కలవడం లేదు. మణికి ఈ నెలలో పదకొండేళ్ళు నిండేవి. ఆఫీసుకి వెళ్ళాను.

1981 జూలై 27

హాదీ బాగానే ఉన్నాడు. మార్జిన్‌లో: మేడం, ఇక్కడ మా బిల్డింగే వంకరైంది, మీ చెయ్యి ఎంతో నయం.

1982 జూన్ 7

యుద్ధం. ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్‌లోకి వచ్చేసింది. ఆఫీసులో ఆరుగురం, ఒక టీవీ.

1982 ఆగస్ట్ 30

కవరు వచ్చింది! సైప్రస్ స్టాంపులు. ఎవరో ఓడలో తెచ్చి పోస్ట్ చేసినట్టున్నారు. బేరూత్ ముట్టడిలో ఉంది, నీళ్ళు లేవు, కరెంటు లేదు. ఇతను గడ్డం గీసుకోవడం గురించి రాశాడు. టీ మిగిల్చి ఆ టీతో గీసుకున్నాడట. సమీరా చదువుతూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. మార్జిన్‌లో నాకూ ఉంది. మేడం, ఇప్పుడు మరీ తిన్నగా అంటిస్తున్నారు, కొంచెం వంకర ఉంచండి, లేకపోతే నాదని నేనే పోల్చుకోలేను అని.

సెప్టెంబర్ సంచికలో వేశాం. కావాలనే వెంట్రుకవాసి వంకరగా అంటించాను. ఈసారి ఏమంటాడో చూద్దాం.

1982 సెప్టెంబర్ 18

టీవీలో బేరూత్ శరణార్థి శిబిరాలు. సబ్రా, షతీలా. గోడ పక్కన చంపి పడేసిన జనం, వరసగా. మా ఆయన టీవీ కట్టేశారు. నేను మళ్ళీ పెట్టాను. నాకేం అనిపించలేదు. ఏమీ అనిపించడం లేదని మాత్రం తెలుస్తోంది.

1982 సెప్టెంబర్ 20

సమీరా ఫోన్ చేస్తూనే ఉంది. రెడ్‌క్రాస్, పేపరాఫీసు, పారిస్‌లో కజిన్. హాదీ ఇల్లు ఆ శిబిరాల్లో కాదు. కానీ ఎవరూ చూడలేదట.

1982 అక్టోబర్ 12

కవరు రాలేదు. రేపు పేజీలు ప్రెస్సుకి వెళ్ళాలి. మధ్య పేజీల్లో ఏం పెట్టమంటావు అని అడిగాను. ఏం పెట్టొద్దు, పేరు వేసి జాగా వదిలెయ్ అంది. ఉట్టి తెలుపు వదిలితే ప్రింటింగ్ తప్పనుకుంటారు అన్నాను. అయితే చుట్టూ గీత గియ్యి అంది.

నీలం పెన్సిల్‌తో కొలుచుకుని, దాని మీద సన్నటి నల్ల టేప్ అంటించాను. రెండు పేజీల్లో రెండు బాక్సులు. పైన అతని పేరు. లోపల ఏం లేదు.

1982 నవంబర్ 10

బాక్స్.

1982 డిసెంబర్ 9

బాక్స్.

1983 మార్చి 3

ఎవరు మొదలుపెట్టారో తెలీదు. పాఠకులు మధ్య పేజీలోంచి బాక్స్ కత్తిరించి, లోపల రాసి, పోస్ట్‌లో పంపుతున్నారు. డియర్‌బర్న్ నుంచి, హ్యూస్టన్ నుంచి, టొలీడో నుంచి. హాదీ, ఇక్కడ కారు స్టార్ట్ కావడం లేదు. హాదీ, మా అబ్బాయికి పెళ్ళి కుదిరింది, పెళ్ళికూతురివాళ్ళు మన నాబ్లస్ ఊరివాళ్ళే. హాదీ, మీ కోడిపుంజు సంగతి ఏమైంది. ఒకావిడ ములోఖియా కూర ఎలా వండాలో రాసింది. ఒక పిల్ల పుంజు బొమ్మ వేసింది, మీసాలు కూడా పెట్టింది.

సమీరా వాటి వైపు చూడదు. కవర్లు విప్పి చదివేది నేనే. ఇంగ్లీషువి నేను చదువుకుంటాను, అరబిక్‌వి అబూ సలీం చదివి చెప్తాడు. ఇద్దరం బేకరీ వెనక పిండి బస్తాల మీద కూర్చుని. నెలలో నాకు బాగా గడిచే పూట అదొక్కటే.

1983 నవంబర్ 11

ఇవాళ కమిటీ మీటింగ్‌లో నోరు పారేసుకున్నాను. రాయాలి.

వీళ్ళ సంస్థలు అక్కడ రెండుగా చీలిపోయాయి, ఇక్కడ ఫోన్లలో కొట్టుకుంటున్నారు. మీరు ఎటువైపు అని రెండు వైపులవాళ్ళూ సమీరాని తిడుతున్నారు. కమిటీలో డాక్టర్ నబీల్ అని ఉన్నాడు. గుండె డాక్టరు. మంచివాడే కానీ తను చెప్పిందే వేదం. ఏడాది దాటింది, ఇంకెన్నాళ్ళీ ఖాళీ పేజీలు అన్నాడు. హాదీని అమరవీరుడని ప్రకటించి నల్ల అంచుతో ఫుల్ పేజీ ఫోటో వేద్దాం, పోస్టర్ చేద్దాం, వచ్చే నెల నుంచి ఆ జాగాలో రాజకీయ విశ్లేషణ పెడదాం అన్నాడు. సమీరా తల అడ్డంగా ఊపింది. శవం లేదు, సమాధి లేదు, చూసినవాడు లేడు, నేను కాఫీ పెట్టలేదు, మీరెవరు చంపడానికి అంది. నబీల్ ఓట్లు వేద్దామన్నాడు. చేతులు లేచాయి. ముగ్గురివి అటు, సమీరాది, అబూ సలీంది ఇటు.

నాకు ఓటు లేదు. మూల కూర్చుని పేజీ నంబర్లు అంటిస్తున్నాను. ఎలా లేచానో తెలీదు. డాక్టర్ గారూ, ఆ బాక్స్ గీసేది నేను, నేను తీయను, మీకు చేతనైతే వచ్చి మీరే మైనం రాసి అంటించుకోండి, ప్రెస్సుకి కూడా మీరే మోసుకెళ్ళండి అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అందరూ నావైపే చూస్తున్నారు. అయిదేళ్ళలో నేను ఆ గదిలో గట్టిగా తుమ్మింది కూడా లేదు. అబూ సలీం, పేజీలు అంటించే ఇంకో మనిషిని వెతుకుతావా నబీల్, అరబిక్ తెలీకుండా ఇంత తిన్నగా అంటించేవాళ్ళు చికాగోలో ఉన్నారా అన్నాడు. ఎవరో నవ్వారు. నబీల్ కాగితాలు సర్దుకున్నాడు.

బాక్స్ ఉంది.

హాదీ కోసం అరిచానని వాళ్ళు అనుకుంటున్నారు. నేనెప్పుడూ చూడని మనిషి కోసం అంత అరుస్తానా. ఆ బాక్స్ తీసేస్తే నేను ఇంటికెళ్ళి మణి గది తలుపు తీయాలి. మంచం విప్పాలి. గౌన్లు ఎవరికో ఇవ్వాలి. ఒక మనిషి జాగా ఖాళీగా ఉంచి కూడా నెలనెలా పని జరిపించుకోవచ్చని నాకు చూపించింది ఈ పత్రికే. అది పోతే నాకు దారి లేదు.

1984 జూన్ 14

బాక్స్.

1985 ఏప్రిల్ 11

బాక్స్. టేప్ రోల్ అయిపోయింది, కొత్తది తెప్పించాను.

1985 అక్టోబర్ 21

ఎవరో కిటికీ మీద రాయి విసిరారు. లైట్ టేబుల్ అద్దం పగిలింది. అట్టల్లోంచి గాజుముక్కలు ఏరాను.

ఇంట్లో ఆయన గొడవ. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ వస్తోంది, మా స్టీల్ ప్లాంట్‌లో లేఆఫ్స్, ఈ టైములో నీకు ఆ అరబ్బుల పని ఎందుకు, పక్కింటివాళ్ళని ఎవరో గవర్నమెంటు సూట్లవాళ్ళు వచ్చి మన గురించి అడిగి వెళ్ళారట, కనీసం పత్రికలో నీ పేరైనా తీయించుకో అన్నారు. నా పేరు అందులో ఎప్పుడూ లేదండీ అన్నాను. ఏడేళ్ళ సంచికలు తెచ్చి ముందు పెట్టాను. ఒక్కొక్కటే తిప్పారు. లేదు. మరి ఎందుకు చేస్తున్నావు అన్నారు, ఈసారి మెల్లిగా. ఇంకో సంచిక ముందుకి జరిపాను. మధ్య పేజీ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. బాక్స్ మీద కాసేపు వేలు పెట్టి ఉంచారు. మళ్ళీ మానెయ్యమని అనలేదు.

1986 ఆగస్ట్ 17

ఆయన చెల్లెలి కూతురు నవోమి వచ్చింది. నర్సు ఉద్యోగం. మణి గది ఇద్దామని ఆయన అన్నారు. నేను వంటింట్లోకి పోయాను. పిల్ల తెలివైనది. నాకు సోఫా అలవాటే అత్తా, హాస్టల్లో నేలమీదే పడుకునేదాన్ని అంది. సోఫాలోనే పడుకుంటోంది. ఆ పిల్ల డ్యూటీ నుంచి వచ్చి ముడుచుకుని పడుకోవడం చూస్తే సిగ్గేస్తుంది. అయినా తలుపు తీయలేదు.

1987 డిసెంబర్ 19

గాజాలో, వెస్ట్ బ్యాంక్‌లో జనం వీధుల్లోకి వచ్చారు. పిల్లలు రాళ్ళు పట్టుకుని. ఎప్పుడూ పలకరించని పెద్ద పేపర్లవాళ్ళు ఇప్పుడు సమీరాకి ఫోన్ చేసి అభిప్రాయం అడుగుతున్నారు. సమీరా విసుక్కుంటూ జవాబు చెప్తోంది. జుట్టు సగం తెల్లబడింది. నాదీ అంతే.

అబూ సలీం బేకరీ అమ్మేస్తున్నాడు. మోకాళ్ళు పనిచేయడం లేదట. మేడ మీద మేమూ ఖాళీ చేయాలి. ఇంకో చోటు చూద్దాం అన్నాను. సమీరా ఇంకో సిగరెట్ వెలిగించింది.

1988 ఏప్రిల్ 16

ఇవాళ ఒక మనిషి వచ్చాడు.

పేరు ఖలీల్. అరవై ఉంటాయి. పెద్ద కోటు, చేతిలో తాబూన్, మధ్య పేజీ దగ్గర మడిచి పట్టుకున్నాడు. నెల కిందటే బేరూత్ నుంచి టొలీడోలో కూతురి దగ్గరికి వచ్చాడట. కూతురింట్లో ఈ పత్రిక చూశాడట. ఖాళీ బాక్స్ ఏంటమ్మా అని అడిగితే, హాదీ అనే ఆయన కోసం ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నారు నాన్నా అని కూతురు చెప్పిందట. బస్సెక్కి వచ్చేశాడు.

అతను అరబిక్‌లో చెప్తున్నాడు. అబూ సలీం నాకు పక్కన మెల్లిగా ఇంగ్లీషులో చెప్పాడు. ఖలీల్, హాదీ ఒకే బిల్డింగ్. ముట్టడిలో ఆగస్ట్ పన్నెండున హాదీ నీళ్ళ క్యూలో నిలబడి ఉండగా బాంబు పడింది. ఖలీలే ఎత్తుకొచ్చి, మర్నాడు ఖననం చేశాడు. చోటు గుర్తుంది. హాదీ బల్ల మీద అంటించి ఉన్న కవరు కనిపిస్తే, ఓడలో పోతున్నవాడి చేతికి ఇచ్చి పోస్ట్ చెయ్యమన్నాడు. అక్కకి చావు కబురు తన చేత్తో రాయడానికి మనసు రాలేదట. సొంతవాళ్ళెవరో చెప్పే ఉంటారులే అనుకున్నాడట. అందరూ అలాగే అనుకున్నారు.

అంటే టీతో గడ్డం గీసుకున్న జాబు మేం చదివి నవ్వేటప్పటికే అతను లేడు. నేను వంకరగా అంటించి ఏమంటాడో చూద్దాం అనుకున్నప్పుడు కూడా లేడు.

సమీరా ఏడవలేదు. ఖలీల్ చెయ్యి పట్టుకుని కూర్చుంది. గడ్డం గీసుకుని ఉన్నాడా అని అడిగింది. నున్నగా ఉన్నాడు అన్నాడు.

1988 ఏప్రిల్ 17

ఆ కమిటీ మీటింగ్ రోజు నేను నోరు మూసుకుని ఉంటే బాక్స్ పోయేది, ఖలీల్ వచ్చేవాడు కాదు, సమీరా లెక్కలో హాదీ ఎక్కడో ఒకచోట ఉండేవాడు. ఉంచాను కాబట్టి తెలిసింది. మంచి చేశానో చెడు చేశానో నాకు తెలీడం లేదు. 

1988 మే 5

ఇదే చివరి సంచిక. సమీరా తేల్చి చెప్పింది. ఇప్పుడు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను అలిసిపోయాను లూసీ అంది. సంచిక ప్రెస్సుకి వెళ్ళేదాకా కాఫీ పెట్టను, ఆఖరి పని హాదీది అంది.

మధ్య పేజీలు నాకే వదిలేసింది. ఎడమవైపు ఇంగ్లీషులో, కుడివైపు అరబిక్‌లో అతని పేరు, ఊరు, తేదీ, అతను పోయిన విధం. అమరవీరుడు అన్న మాట లేదు. అంటించాను. కొంచెం వంకరగానే, అతను అడిగినట్టే. నల్ల టేప్ తీసి పక్కన పెట్టి, చుట్టూ నీలం పెన్సిల్‌తో బాక్స్ గీశాను. సమీరా నా భుజం మీదుగా చూసింది. నీలం కదా, ప్రింట్‌లో రాదు అంది.

తెలుసు అన్నాను.

1988 మే 8

ఆఫీసులో కుర్చీలన్నీ గోడ వారగా. ఖలీల్ వచ్చాడు. డాక్టర్ నబీల్ వచ్చి సమీరా చేతులు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. దైవాశీర్వాదం అంకుల్ కర్ర పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కారు. నవోమి కారు డ్రైవ్ చేసి తీసుకొచ్చింది. మా ఆయన కూడా వచ్చారు, కోటు వేసుకుని.

సమీరా కాఫీ తనే పట్టుకొచ్చింది. మా ఆయన ముందు ఆగి, తీసుకోండి అబూ మణి అంది. ఆయన కప్పు పట్టుకోలేకపోయారు. అంతమందిలో పెద్దగా ఏడ్చేశారు.

తర్వాత నా దగ్గరికి వచ్చింది. ఉమ్ మణి అంది.

నేను చక్కెర అడగలేదు.